రిబ్బను కత్తిరించే ముందే తోటమాలి పేరు రాయండి: శ్రీకాకుళం నగర పాలకులకు బహిరంగ లేఖ

శ్రీకాకుళం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి, ప్రత్యేకాధికారి బాధ్యతలు చూస్తున్న జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

కొత్త ఆర్థిక సంవత్సరానికి బడ్జెట్ లెక్కలు కూర్చే కాలం వచ్చింది. ఇంజనీరింగ్ వాళ్లు పనుల జాబితా ఇస్తారు, అకౌంట్స్ వాళ్లు దాన్ని పద్దుల్లో సర్దుతారు, ఎక్కడో ఒకచోట ‘పార్కుల అభివృద్ధి’ అని ఒక లైను పడుతుంది. ఆ లైను పడకముందే నాలుగు మాటలు మీ చెవిన వేద్దామని ఈ ఉత్తరం. ఒకసారి పడ్డాక దాన్ని కదపడం ఎంత కష్టమో నాకు తెలుసు. వేరే జిల్లాలో, వేరే ఊరి మున్సిపాలిటీలో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. నా ఉద్యోగమంతా అలాంటి లైన్లు రాయడంతోనే గడిచింది. రిటైరయ్యాక సొంత ఊరని శ్రీకాకుళం వచ్చేశాను.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను, మీకు తీరిక తక్కువ. ఏ పార్కు ఫైలైనా టెండరుకి వెళ్లేలోపు అందులో రెండు కాగితాలు ఉండాలి. ఒకటి, ఆ పార్కుని రోజూ వాడేవాళ్లు ఏమన్నారో రాసుకున్న కాగితం. రెండోది, పని పూర్తయ్యాక దాన్ని ఏటా ఎవరు చూసుకుంటారు, దానికి డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది అన్న కాగితం. ఈ రెండూ లేని ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే వెనక్కి పంపేయండి.

ఎందుకింత పట్టుదల అంటే, నేను పనిచేసిన ఊళ్లో ఒక పార్కు పుట్టి, పోయి, మళ్లీ ‘పుట్టడం’ కళ్లారా చూశాను. ఊరి పేరు చెప్పను, అక్కడి వాళ్లు నాకు ఇప్పటికీ కావలసినవాళ్లే.

గ్రాంటు వచ్చింది. పెద్ద ఆర్చి కట్టారు, దానికి గ్రానైట్ పలక, పలక మీద పేర్లు. లోపల మెక్సికన్ గడ్డి పరిచారు, ఫౌంటెన్ పెట్టారు, నోరు తెరిచిన కంగారూ చెత్తబుట్టలు తెచ్చారు, ఓపెన్ జిమ్ బిగించారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఇల్లు అలకగానే పండగ కాదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆ వేసవిలో బోరు మోటారు స్టార్టర్ కాలిపోయింది. బాగు చేయించడానికి అయ్యేది కొన్ని వేలు, అంతే. కానీ ఆ వేలకి పద్దు లేదు. పార్కు కట్టింది గ్రాంటు డబ్బుతో, గ్రాంటు కట్టడానికే గాని రిపేరుకి పనికిరాదు. జనరల్ ఫండ్‌లో చూస్తే పారిశుధ్య కార్మికుల జీతాలు, తాగునీటి పంపుల కరెంటు బిల్లు ముందు వరసలో నిలబడి ఉన్నాయి. వాటిని పక్కకి నెట్టి గడ్డికి నీళ్లివ్వమని ఎవరు అనగలరు? ఫైలు ఈ సీటు నుంచి ఆ సీటుకి తిరిగి, మంజూరై వచ్చేసరికి గడ్డి ఎండి, తొక్కితే పొడి రాలుతోంది.

తర్వాత ఫౌంటెన్. నీళ్లు తిరగడం ఆగిపోయింది, వాన నీరు నిలిచింది. దోమల నివారణ సిబ్బంది వచ్చి అందులో ఆయిల్ బాల్స్ వేసి వెళ్లారు. మున్సిపాలిటీ కట్టిన ఫౌంటెన్‌లో మున్సిపాలిటీయే దోమల మందు వేసుకుంటోందన్నమాట. ఆ రెండు బిల్లులూ నా టేబుల్ మీదికే వచ్చాయి. జిమ్‌లో నడక మిషన్‌కి ఒక పెడల్ ఊడిపోతే, ఎవరో పుణ్యాత్ముడు బట్టలారేసే నైలాన్ తాడుతో కట్టాడు. ఆ తాడే చాలాకాలం ఆ పార్కుకి మెయింటెనెన్స్.

ఇలాంటి పనుల ఒప్పందాల్లో ఒక నిబంధన ఉంటుంది, మీకు తెలియనిది కాదు. పని పూర్తయ్యాక కొంతకాలం లోపాలు బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాలి, అప్పటిదాకా అతని డిపాజిట్ మన దగ్గరే ఉంటుంది. మంచి నిబంధన. కానీ గడువు తీరే రోజున ఎవరైనా వెళ్లి చూడాలి కదా! చూసినట్టు రాసుకున్నారు. ‘పనులు సంతృప్తికరం’ అన్న ఒక్క ముక్కతో డిపాజిట్ వెళ్లిపోయింది. ఈలోగా ఆస్తి పాడవుతోందని గేటుకి తాళం పడింది. పిల్లలు గోడ దూకేవాళ్లు. మరుసటి ఏడాది బడ్జెట్‌లో ‘పార్కు పునరుద్ధరణ’ అని కొత్త ఎస్టిమేట్ వచ్చింది. అందులో మొదటి ఐటమ్ ఏమిటో చెప్పమంటారా? కొత్త ఆర్చి.

ఇందులో ఎవరూ దొంగలు కారు, నిజంగానే. ప్రతి ఒక్కరూ వాళ్ల కాలమ్ వాళ్లు సరిగ్గా నింపారు. కట్టడానికి ఒక ఫండ్, కాపాడటానికి ఇంకో ఫండ్. మొదటిది పైనుంచి వస్తుంది, రెండోది మన జేబులోంచి తీయాలి. ఆ రెండింటినీ ఒక్క కాగితం మీద చూసే మనిషి లేకపోవడమే అసలు రోగం. అందుకే మీరు పార్కుల లైను రాయించేటప్పుడు ప్రతి పార్కు పక్కనా ఇంకో అంకె రాయించండి: తోటమాలి జీతం, కాపలా మనిషి జీతం, కరెంటు, మోటారు రిపేరు, మరుగుదొడ్డి కడిగే ఖర్చు, అన్నీ కలిపి ఏడాదికి ఎంత. ఆ అంకె మనం మోయలేనిదైతే పార్కునే చిన్నది చేయండి. ఫౌంటెన్ మానేయండి. రెండు వేప చెట్లూ, నాలుగు బల్లలూ, ఒక కుళాయీ ఉన్న పార్కు బతికి ఉంటే చాలు మాకు.

ఇదేమీ నా సొంత తెలివి కాదు. 2015 జూన్‌లో కేంద్రం పట్టణాల సదుపాయాల కోసం అమృత్ పథకం మొదలుపెట్టినప్పుడు మన శ్రీకాకుళం కూడా ఆ జాబితాలో ఉంది. అందులో పార్కులకి గరిష్ఠంగా ప్రాజెక్టు వ్యయంలో 2.5 శాతం ఇచ్చారు. ఏటా కనీసం ఒక పిల్లల పార్కు చేయాలన్నారు. దాంతోపాటే, పార్కులూ ఆటస్థలాలూ నిర్వహించడానికి ప్రజల భాగస్వామ్యంతో ఒక ఏర్పాటు ఉండాలని సంస్కరణల పట్టికలో రాశారు. పార్కుల డబ్బు అందరికీ గుర్తుంది, పట్టికలో ఈ చివరి మాట ఎవరికీ గుర్తులేదు. పక్కనున్న ఒడిశాలో అమృత్ పార్కుల నిర్వహణని మిషన్ శక్తి మహిళా సంఘాలకి అప్పగించారు. మనకి పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద సంఘాలు లేవా? వీధి చివర కిరాణా కొట్టు నుంచి బ్యాంకు లోను దాకా లెక్క తప్పకుండా నడుపుతున్న ఆడవాళ్లు ఒక పార్కు నడపలేరా? నెలకి ఇంత అని ఒప్పందం రాసి ఇవ్వండి, డబ్బు మాత్రం నెలనెలా ఇవ్వండి. ఆరు నెలల బకాయి పెట్టి ‘మహిళా సాధికారత’ అంటే వాళ్లు నవ్విపోతారు.

ఇక అడగడం గురించి. ఈ విషయంలో మన ఊరి పరిస్థితి వేరు.

మన మున్సిపాలిటీ 1856 నాటిది. 2015లో నగరపాలక సంస్థ అయింది. కానీ ఎన్నికైన కౌన్సిల్ గడువు 2010లో తీరిపోయాక మళ్లీ ఎన్నిక లేదు. 2014లో రాష్ట్రంలో చాలాచోట్ల మున్సిపల్ ఎన్నికలు జరిగాయి, మనకి లేవు. 2021లో పక్కన విజయనగరంలో జరిగాయి, అప్పటి మన జిల్లాలోనే ఇచ్ఛాపురం, పలాస-కాశీబుగ్గ, పాలకొండలో జరిగాయి, మనకి లేవు. చుట్టుపక్కల గ్రామాల విలీనం, కోర్టు కేసులు, వార్డుల విభజన, కారణాలన్నీ అందరికీ తెలిసినవే. పాలకమండలి గడువు ఐదేళ్లనీ, అది తీరేలోపే కొత్త ఎన్నిక జరగాలనీ, రద్దయితే ఆరు నెలల్లోపు జరగాలనీ రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. 2010లో పుట్టిన పిల్లలు పదో తరగతికి వచ్చేశారు. మా వార్డు కౌన్సిలర్ అనే మనిషి ఎలా ఉంటాడో వాళ్లు చూడనే లేదు.

ఇది మీరు చేసింది కాదని తెలుసు. ఎన్నికలు పెట్టమని మిమ్మల్ని అడగడమూ లేదు, అది వేరే గుమ్మం. కానీ కౌన్సిలర్ లేకపోతే పోయేదేమిటో ఒకసారి ఆలోచించండి. కౌన్సిలర్లందరూ గొప్పవాళ్లని నేననను, కొందరి సంతకాల కోసం పడిగాపులు కాసినవాణ్ణే. కానీ పొద్దున్న టీ కొట్టు దగ్గర చొక్కా పట్టుకుని ‘మా వీధి లైటు వెలగట్లేదు’ అనడానికి ఒక మనిషి ఉండేవాడు. వార్డులో ఏ పని ముందు, ఏ పని వెనక అన్నది ఆ తిట్లలోంచే తేలేది. ఇప్పుడు ఆ తిట్లు గాల్లో కలిసిపోతున్నాయి. మొన్న నాగావళి గట్టు మీద ఒక పెద్దాయన అన్నమాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: “ఏటి బావూ, కూకోడానికి ఒక బల్ల, ఒంటేలుకి ఒక మరుగు. ఇంతకన్నా నానేటడిగాను? అడగనాకి మనిసేడీ?”

బల్ల, మరుగు. నన్నడిగితే మీ పార్కుల ప్రణాళిక మొదటి పేజీ ఆయన చెప్పేశాడు.

అడగడం అంటే ఫంక్షన్ హాలులో ‘సదస్సు’ పెట్టి, వేదిక మీద పదిమంది, కింద సంఘాల ఆడవాళ్లని ఆటోల్లో తెచ్చి కూర్చోబెట్టడం కాదు. మీ వార్డు సచివాలయాల్లో సదుపాయాలు చూసే ఎమినిటీస్ కార్యదర్శి ఉన్నారు, ప్లానింగ్ కార్యదర్శి ఉన్నారు. 2019 అక్టోబరు 2న ఈ సచివాలయాలు మొదలైనప్పుడు వాళ్లు వచ్చిందే ఇందుకు. ఒక వారంపాటు వాళ్లని ఏ పార్కుకి ఆ పార్కు దగ్గర కూర్చోబెట్టండి, కానీ వేళలు మార్చి మార్చి. ఎందుకంటే పార్కు ఒక్కటే అయినా వచ్చే జనం ఒక్కరే కారు.

తెల్లవారుజామున నాలుగున్నరకి పోలీసు, ఆర్మీ సెలక్షన్లకి పరిగెత్తే కుర్రాళ్లు లేస్తారు. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన ఉమ్మడి జిల్లా ఇది, కరణం మల్లీశ్వరి ఊసవానిపేట నుంచి సిడ్నీ ఒలింపిక్స్‌కి వెళ్లి 2000లో పతకం తెచ్చిన జిల్లా ఇది. ఉద్యోగాల నోటిఫికేషన్ పడితే చాలు, సగం ఊరు పరుగులోనే ఉంటుంది. వాళ్లకి చీకట్లో 1600 మీటర్లు పరిగెత్తడానికి చోటు లేక రోడ్డెక్కుతారు, లారీల పక్కన. ఆ వేళకి పార్కు గేటు తీసి ఉండదు, లైటు వెలగదు. ఇక ఆరింటికి మేమొస్తాం, వాకర్స్. తెల్ల బూట్లు, పేపరు, రాజకీయం. మా నోరు పెద్దది, ఫోన్లలో అధికారుల నంబర్లు ఉంటాయి, వినతిపత్రం రాయడం వచ్చు. దయచేసి మా మాటే పార్కు మాట అనుకోకండి. మమ్మల్నే అడిగితే పార్కంతా నడక దారి చేసేస్తాం.

మధ్యాహ్నం వచ్చేవాళ్లని ఎవరూ అడగరు. పల్లెల నుంచి సర్వజన ఆసుపత్రికి వచ్చి రిపోర్టు కోసం సాయంత్రం దాకా ఆగాలన్నవాళ్లు, కోర్టు వాయిదాకి వచ్చినవాళ్లు, కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇచ్చి బస్సు కోసం చూసేవాళ్లు. చేతిలో సంచీ, సంచీలో చద్దన్నం. వాళ్లకి కావలసింది నీడ, నీళ్లు, మరుగుదొడ్డి. సరిగ్గా ఆ వేళకే చాలా ఊళ్లలో పార్కులకి తాళం వేస్తారు! పొద్దున్న ఐదు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది అని బోర్డు. ఎండ నెత్తిన మాడ్చే వేళ నీడకి తాళమేమిటో నాకు ఏనాడూ అర్థం కాలేదు. ప్రేమ జంటలు వస్తారని అంటారు. రానివ్వండి, వాళ్లు కూడా ఇంటి పన్ను కట్టే ఇళ్ల పిల్లలే.

ఆడవాళ్ల సంగతి విడిగా అడగండి, ఆడ సిబ్బంది చేత అడిగించండి. మగవాళ్లు పక్కనుంటే ‘అన్నీ బాగానే ఉన్నాయి’ అంటారు. పార్కులో గంటసేపు ఎందుకుండరు అంటే చాలామంది చెప్పే కారణం ఒక్కటే, మరుగుదొడ్డి. ఉన్నచోట గడియ ఉండదు, గడియ ఉన్నచోట నీళ్లుండవు, రెండూ ఉంటే దాని తాళం కాపలా మనిషి జేబులో ఉంటుంది. ఇది ఏ ఒక్క ఊరి లోపమో కాదు, రాష్ట్రమంతా ఇదే తంతు. మనం మార్చి చూపించవచ్చు కదా. రథసప్తమికి అరసవల్లి సూర్యనారాయణ స్వామి దర్శనానికి వేలాది జనం ముందు రాత్రే వచ్చి క్యూలో ఉంటారు, 2025లో దాన్ని రాష్ట్ర పండగగా కూడా జరిపారు. ఆ ఒక్క పండక్కి తాత్కాలిక మరుగుదొడ్లు అద్దెకి తెచ్చే బదులు, ఆ దారిలోని పార్కుల్లో పక్కావి కట్టి ఏడాది పొడుగునా నడిపితే పండక్కీ పనికొస్తాయి, పనిరోజుకీ పనికొస్తాయి.

గేటు గురించి ఒక చిన్న మాట. పశువులు రాకుండా గేటు దగ్గర గుండ్రంగా తిరిగే ఇనుప కడ్డీలు పెడతారు. ఆవు రాదు, నిజమే. చక్రాల కుర్చీ కూడా రాదు, పిల్లల తోపుడు బండీ రాదు, మోకాళ్లు అరిగిన ముసలమ్మా రాదు. బహిరంగ స్థలాలు దివ్యాంగులకి అందుబాటులో ఉండాలని 2016 చట్టం ఉంది. చట్టం దాకా ఎందుకు, ఒక రోజు మీరే ఒక చక్రాల కుర్చీ తీసుకెళ్లి చూడండి, సరిపోతుంది.

గేటు బయట బళ్ల వాళ్లు. మురీ మిక్చరు, మొక్కజొన్న పొత్తులు, బజ్జీలు. పార్కుకి కొత్త హంగులు రాగానే మొదట తరిమేది వీళ్లనే. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో 40 శాతానికి తక్కువ కాకుండా వ్యాపారులే ఉండాలి. పార్కు నక్షా గీసేటప్పుడే గేటు పక్కన నాలుగు బళ్లకి చోటు, ఒక చెత్త డబ్బా, ఒక లైటు గీయించండి. చీకటి పడ్డాక ఆడపిల్లలకి పార్కు ముందు భయం లేకుండా చేసేది సీసీ కెమెరా కన్నా ఆ బజ్జీల బండి లైటే.

చెట్ల విషయంలో మాత్రం నాకు కొంచెం కోపమే ఉంది. పార్కు బాగు చేయడమంటే సిమెంటు పలకలు పరచడం అనుకునే రోజులొచ్చాయి. నడక దారి పలకలు, కూర్చునే చోట పలకలు, చెట్టు మొదలు దాకా పలకలు. నీరు ఇంకదు, వేరు ఊపిరాడదు, వేసవిలో సాయంత్రం ఏడింటికి కూడా కింద నుంచి వేడి కొడుతుంది. ఎస్టిమేట్ వేసేవాళ్లకి పలకలంటే ఎందుకు ఇష్టమో నాకు తెలుసు. చదరపు మీటరుకి రేటుంది, కొలత పుస్తకంలో ఎక్కించడం సులువు. నీడకి రేటు లేదు కదా!

మనది తుఫాన్ల దారి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ. తిత్లీ ఉద్దానంలో కొబ్బరినీ, జీడినీ ఏం చేసిందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అలాంటి చోట తొందరగా పెరుగుతాయని, లారీల్లో తెచ్చి వరసగా పాతేసే పెళుసు చెట్లు మనకెందుకు? మొక్కల జాబితా నర్సరీ కాంట్రాక్టరుకి వదలకండి. వేప, గానుగ, పొగడ, నేరేడు, రావి వేయించండి. ఆలస్యంగా పెరుగుతాయి, కానీ మన నేల ఎరిగిన చెట్లు. ఏటా వానాకాలం ముగిసేలోపు కొమ్మలు సరిచేయించే పని కూడా ఆ నిర్వహణ పద్దులోనే చేర్చండి. గాలి వచ్చాక రంపాలు పట్టుకుని పరిగెత్తడం కన్నా చవక. ఉద్దానం రైతులు మీకు అడుగు దూరంలో ఉన్నారు, వాళ్లలో ఇద్దర్ని పిలిచి కూర్చోబెడితే ఏ కన్సల్టెంటూ చెప్పలేనిది చెబుతారు.

ఇంకొకటి, ఖాళీ స్థలాలు. లేఔట్ వేసినప్పుడు పదో వంతు జాగా ప్రజల కోసం వదిలి, దాన్ని స్థానిక సంస్థ పేర రాసివ్వాలన్నది నిబంధన. ఊరు పెరిగిన కొద్దీ ఆ జాగాలు ఎన్ని, ఎక్కడ, వాటిలో ఇప్పుడు ఏముంది అన్నది జనానికి తెలియాలి. సర్వే నంబర్లతో సహా ఆ పట్టిక ప్రతి వార్డు సచివాలయం గోడ మీదా అంటించండి. సమాచార హక్కు చట్టం ఇలాంటివి అడగకుండానే బయటపెట్టమంటోంది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఒక ట్రస్టుకి నర్సింగ్ హోమ్ కట్టుకోమని ఇస్తే, ఆ కాలనీ వాళ్లు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు జాగాలో కాదు. మనదగ్గరా పార్కు స్థలంలో నీళ్ల ట్యాంకు, సామాజిక భవనం, గుడి, ఏదో ఒక మంచి పేరుతో అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. పట్టిక గోడ మీదుంటే మీకే కాదనడం సులువు.

ఉన్నవాటిలో శాంతినగర్ కాలనీ పార్కుని తలచుకోకుండా ఉండలేను. అక్కడ గాంధీ మందిరం ఉంది, స్వాతంత్ర్య సమరయోధుల స్మృతివనం ఉంది. ఊళ్లో పిల్లలకి చరిత్ర చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆవరణ లేదు. కాకపోతే అలాంటివి ఒక్కచోటే ఉంటే లాభం లేదు. బలగ, ఇలిసిపురం, గుజరాతీపేట వైపు పిల్లలు ఆడుకోవడానికి అక్కడిదాకా నడిచి రారు. పిల్లల పార్కు అంటే అమ్మ వంటింట్లోంచి కేకేస్తే వినబడేంత దూరంలో ఉండాలి. ఒకే పెద్ద పార్కుకి కోట్లు పోసే బదులు, వార్డుకో చిన్న ముక్క బాగు చేయండి. ఫొటో బాగా రాదు, ఒప్పుకుంటాను.

పార్కులు పక్కనపెడితే మిగిలిన సేవల గురించి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. జనన ధ్రువపత్రం, ఇంటి పన్నులో పేరు మార్పు, కుళాయి కనెక్షను, వీధి లైటు, కాలువ పూడిక. ఇప్పుడు వాట్సాప్‌లో ప్రభుత్వ సేవలకి మన మిత్ర ఉంది, సచివాలయం ఉంది, సోమవారం అర్జీ ఉంది. దారులకి కొదవ లేదు. ఏ దారిన వెళ్లినా చివరికి ‘పరిష్కరించబడినది’ అని మెసేజ్ వస్తే, కాలువ మాత్రం అలాగే ఉంటే, మనిషికి కలిగే ఒళ్లుమంట మీకు చెప్పక్కర్లేదు. నేను పనిచేసిన ఆఫీసులో గడువులోపు ఫిర్యాదు మూయాలన్న టెన్షన్ ఎంతంటే, పని కన్నా మూత ముందు పడేది. మీరు ఒక్క నియమం పెట్టండి: ఫిర్యాదు ఇచ్చినవాళ్లు ‘అయింది’ అంటేనే మూయాలి. పెండింగ్ పట్టిక పెరుగుతుంది, సమీక్షల్లో మీకు మాటలు పడతాయి. కానీ నిజమైన లెక్క మీ చేతిలో ఉంటుంది.

ప్రతి పార్కు గేటు దగ్గర ఒక బోర్డు కూడా కావాలి. దాతల పేర్లు, ప్రారంభించినవాళ్ల పేర్లు కాదు. ఈ పార్కుకి తోటమాలి ఎవరు, ఎమినిటీస్ కార్యదర్శి ఎవరు, ఆఫీసు ఫోన్ నంబరేమిటి, ఈ ఏడాది దీనికి ఎంత కేటాయించారు, ఎంత ఖర్చయింది, కాంట్రాక్టరు పూచీ ఏ తేదీతో తీరుతుంది. ఆ చివరి తేదీ జనానికి తెలిస్తే, ‘పనులు సంతృప్తికరం’ అని రాసేవాళ్లు పెన్ను తీసేముందు ఒకసారి పార్కుకి వెళ్లొస్తారు.

ఇంటి పన్ను 2021 నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ వెళ్లే పద్ధతి పెట్టారు. ఏప్రిల్‌లో ఏడాది మొత్తం కట్టేస్తే ఐదు శాతం తగ్గింపు ఉంది కనుక మధ్యతరగతి జనమంతా ఆ నెలలోనే కట్టేస్తాం. ఆ రసీదుతో పాటు ఒక కాగితం ఇవ్వండి. మీ వార్డు నుంచి పన్ను ఇంత వచ్చింది, మీ వార్డులో ఇంత ఖర్చు పెట్టాం, ఇందుకు పెట్టాం అని. కౌన్సిల్ లేని ఊళ్లో ఆ కాగితమే మాకు కౌన్సిల్ సమావేశం.

రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల పనులు పద్దెనిమిది రాశారు, అందులో పార్కులు, ఉద్యానాలు, ఆటస్థలాలు ఒకటి. రోడ్లూ నీళ్లూ అయ్యాక మిగిలితే చూద్దాం అని అక్కడ రాయలేదు.

ఇప్పుడు నా విన్నపం. ముసాయిదా బడ్జెట్ ఖరారు కాకముందు, ఏదో ఒక ఆదివారం సాయంత్రం ఐదున్నరకి శాంతినగర్ పార్కులో ఒక గంట కూర్చోండి. మైకు వద్దు, వేదిక వద్దు, శాలువాలు అసలే వద్దు. మీవైపు నుంచి మూడు కాగితాలు తెస్తే చాలు: నగరంలో పార్కు స్థలాల పట్టిక, గత ఏడాది పార్కుల మీద పెట్టిన ఖర్చు, వచ్చే ఏడాదికి వేసిన ఎస్టిమేట్లు. ఏ వార్డు నుంచి ఎవరు మాట్లాడాలో మేం చూసుకుంటాం, పరుగెత్తే కుర్రాళ్లనీ, బళ్లవాళ్లనీ, మెప్మా సంఘాల ఆడవాళ్లనీ పిలుచుకొస్తాం. తేదీ నిర్ణయించి నాలుగు రోజుల ముందు వార్డు సచివాలయాల బోర్డుల మీద అంటించండి. గట్టు మీది పెద్దాయనకి చదువు రాదు, ఆయనకి నేను చెబుతాను.

ఇట్లు,
మీ పన్ను చెల్లింపుదారు,
శ్రీకాకుళం